ఎడమచేతి చీటీలు

జూలై 4, మంగళవారం

ప్రశ్నల పెట్టె పెట్టి మూడు వారాలైంది. ఇవాళ తాళం తీశాను. లోపల రెండు చాక్లెట్ కాగితాలు, ఒక విరిగిన క్లిప్పు, ఒకే ఒక్క చీటీ. ఆత్రంగా విప్పాను. "మేడం, మీ చెప్పులు ఎక్కడ కొన్నారు?" అని ఉంది.

తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి గురువారం చివరి గంట నెలసరి గురించి చెప్పాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిన రోజు, స్టాఫ్ రూములో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా కిటికీలోంచి బయటికి చూశారు, అక్కడేదో ఊరేగింపు వెళ్తున్నట్టు. నేను చెయ్యెత్తాను. ఇరవై రెండేళ్లుగా కప్ప గుండె గురించే చెప్తున్నాను, ఇక మనిషి గురించి కూడా చెప్దామనిపించింది. ఆ గంటలో మగపిల్లల్ని ఆటలకి పంపేస్తారు. వాళ్ళకి ఇందులో పనేముంది, వాళ్ళు ఆకాశంలోంచి ఊడిపడ్డారుగా.

పెట్టె ఆలోచన నాదే. పేరు రాయక్కర్లేదు, మొహం చూపించక్కర్లేదు, లైబ్రరీ పక్కనుంచి పోతూ పోతూ వేసేయొచ్చు. పిల్లలకి సిగ్గు. ఈ కాలంలో కూడా సిగ్గేమిటో నాకర్థం కాదు.

జూలై 6, గురువారం

హెడ్‌మేడం పిలిచారు. లెక్కల మాస్టారు అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నారు, చల్లారిన టీ ముందు పెట్టుకుని.

"ప్రశ్నలే రావట్లేదంటే పిల్లలకి అవసరం లేనట్టే కదమ్మా?" అన్నారు హెడ్‌మేడం.

"వచ్చే ఏడు పదో తరగతి. ఆ గంట నాకిస్తే రెండు అధ్యాయాలు లాగేస్తాను," అన్నారు మాస్టారు.

నెలాఖరుకి పైవాళ్ళకి నివేదిక పంపాలట. వారానికి పది ప్రశ్నలైనా లేకపోతే గంట మాస్టారికి పోతుంది. గంటతో పాటు ప్యాడ్ల అల్మారా కూడా పోతుంది, అది ఈ గంట కిందే మంజూరైంది కాబట్టి. నా ల్యాబులో అస్థిపంజరం పక్కన ఉంటుంది అల్మారా. తాళం లేదు. కావలసిన పిల్ల వచ్చి తీసుకుని పోతుంది, ఎవర్నీ అడగక్కర్లేదు. అంతకు ముందు ఆఫీసులో గుమాస్తా గారికి 'కడుపునొప్పి' అని అర్జీ రాసిస్తే, ఆయన చదివి, సంతకం పెట్టి, ముద్ర వేసి, ఒకటి ఇచ్చేవారు. నిరుడు ఒక పిల్ల అర్జీ రాస్తూ రాస్తూ ఇంటికి వెళ్ళిపోయింది. మూడు నెలలు రాలేదు.

ఆ అల్మారాని పోనివ్వను.

జూలై 7, శుక్రవారం

ఎనిమిదో రోజు. వయసు మరి. నలభై ఏడు.

జూలై 10, సోమవారం

లైబ్రరీ గది తలుపు వేసుకుని ఎడమచేత్తో ఐదు చీటీలు రాశాను. మరో ఐదు కుడిచేత్తోనే, కాకపోతే ఆకుపచ్చ సిరాతో. ఇది మోసం కాదు. పిల్లలకి అడగడం చేతకాదు కాబట్టి అడిగి చూపిస్తున్నాను. పరీక్షలకి ముందు నమూనా ప్రశ్నపత్రం ఇవ్వమూ? ఇదీ అంతే.

నేనే రాసి, నేనే పెట్టెలో వేసి, నేనే తాళం తీశాను. తీసేటప్పుడు కాస్త ఆసక్తిగా కూడా అనిపించింది.

జూలై 12, బుధవారం

ఈ ఏడు సుద్దముక్కలు మంచి రకం వచ్చాయి. వాసన ఎంత బాగుందో.

పై అంతస్తుకి మెట్లు లెక్కపెట్టాను. ఇరవై రెండు. నిరుడు కూడా ఇన్నే ఉండేవా?

జూలై 13, గురువారం

పది ప్రశ్నలూ చదివాను. ఎన్ని రోజులకోసారి రావాలి, ప్యాడ్ ఎన్ని గంటలకి మార్చాలి, నొప్పి వస్తే ఏం చెయ్యాలి, ఆటలు ఆడొచ్చా. ఇన్నాళ్లూ పాఠంగా చెప్తే ఆవలించిన పిల్లలు, ఎవరో తమలాంటి పిల్ల అడిగిందనేసరికి కళ్ళింతలు చేసుకుని విన్నారు.

క్లాసు లీడరు లేచింది. దాన్ని అందరూ లాయరు అంటారు. మంచినీళ్లు తాగి వస్తానన్నవాళ్ళని కూడా నిలదీసి సాక్ష్యం అడిగే రకం.

"మేడం, ఇవన్నీ మన క్లాసువాళ్ళే రాశారా?"

"ఇంకెవరు రాస్తారు?" అన్నాను.

ఎంత సహజంగా అన్నానో. నాలో ఇంత నటి ఉందని ఇరవై రెండేళ్లలో ఎవరూ గుర్తించలేదు.

జూలై 18, మంగళవారం

ఈసారి చీటీలు ఇంకా బాగా కుదిరాయి. ఒకదాంట్లో రెండు అక్షరదోషాలు పెట్టాను. ఒకటి నలిపి, మళ్ళీ సాఫు చేశాను, రాసిన పిల్ల తటపటాయించినట్టు. ఒకదాని మీద రెండు నీళ్ల చుక్కలు వేసి, ఏడ్చినట్టు ఉంటుందేమో అనుకున్నాను గానీ, మరీ నాటకంగా ఉందని చింపేశాను.

జూలై 20, గురువారం

పెట్టెలో నా పదికి తోడు పదకొండోది ఉంది. పెన్సిలుతో, గుండుసూది అంత అక్షరాలతో. "పద్నాలుగేళ్లు నిండినా రాకపోతే ఏం చెయ్యాలి?"

ముచ్చటేసింది. కానీ ఈ ప్రశ్న నా పాఠం ప్రకారం వచ్చే నెల రావాలి. ఇప్పుడు చెప్తే వరుస దెబ్బతింటుంది. పైగా రాత మరీ పేలవంగా ఉంది, నా చీటీల పక్కన పెడితే తేలిపోతుంది. జీవశాస్త్రం పుస్తకంలో పెట్టి ఉంచాను.

హెడ్‌మేడం గుమ్మంలో నిలబడి విన్నారు. "పిల్లలు ఎంత బాగా అడుగుతున్నారమ్మా!" అన్నారు. లెక్కల మాస్టారు వసారాలోంచి తొంగి చూసి వెళ్ళిపోయారు. స్టాఫ్ రూములో సుద్దముక్కలు తొందరగా అయిపోతున్నాయని ఆయన కొత్త ఫిర్యాదు. లెక్కలవాళ్ళు దేన్నైనా లెక్కపెడతారు.

జూలై 25, మంగళవారం

మళ్ళీ. పదకొండు రోజులే మధ్యలో.

మావారి మందుల షాపుకి వెళ్ళి పెద్ద ప్యాకెట్లు నాలుగు తీసుకున్నాను. "బడికి," అన్నాను. ఆయన అటూ ఇటూ చూసి, ప్యాకెట్లని పేపర్లో చుట్టి, ఆ పేపర్ని నల్ల కవర్లో పెట్టి, ఆ కవరుకి ముడి వేసి ఇచ్చారు. కట్టుకున్న పెళ్ళాన్ని. పాతికేళ్లుగా మందులమ్మే మనిషి.

"ఈ నెల మీ పిల్లలకి చాలానే కావాల్సొచ్చినట్టుందే," అన్నారు.

"అవగాహన పెరిగింది మరి," అన్నాను.

"నువ్వేంటి అలా పాలిపోయావు?"

"కొత్త పౌడరు."

జూలై 27, గురువారం

తొమ్మిది చీటీలు ఇట్టే అయిపోయాయి. పదోదానికి ఏమీ తోచలేదు. గంట కొట్టే వేళయింది. అప్పటికప్పుడు ఎడమచేత్తో గబగబా ఇలా రాసి పడేశాను: "నాకు పన్నెండు రోజులైనా ఆగడం లేదు. ఆగినా పది రోజులకే మళ్ళీ వస్తోంది. గడ్డలు గడ్డలుగా పోతోంది. మెట్లెక్కితే కళ్ళు తిరుగుతున్నాయి. సుద్దముక్కలు తినాలనిపిస్తోంది. ఇది మామూలేనా?" ఎక్కడో చదివిన గుర్తు.

క్లాసులో దీనికి నేనిచ్చిన జవాబు ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను చెప్పిన పాఠాలన్నిటిలోకీ గొప్పది. ఇది మామూలు కాదని చెప్పాను. ఒంట్లో రక్తం తగ్గిపోతే మట్టి, సుద్ద, ఐసుముక్కలు తినాలనిపిస్తుందని చెప్పాను. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలని, వయసు మీదో ఎండ మీదో తోసేసి కూర్చోవడం తెలివితక్కువతనమని బల్ల గుద్ది చెప్పాను. బల్ల గుద్దినప్పుడు కళ్ళు తిరిగి కాసేపు బల్లనే పట్టుకుని నిలబడ్డాను. పిల్లలు అది ఆవేశం అనుకున్నారు.

చివరికి లాయరు లేచి, "మేడం, ఆ అమ్మాయికి ఏమైనా అయితే?" అంది.

"ఏమీ కాదు. జవాబు వింది కదా, వెళ్తుంది," అన్నాను.

ఆగస్టు 1, మంగళవారం

నివేదిక వెళ్ళిపోయింది. ముప్పై రెండు ప్రశ్నలు. హెడ్‌మేడం 'విద్యార్థినుల స్వచ్ఛంద భాగస్వామ్యం' అని గీత గీసి మరీ రాశారు. నేను చెప్పుల ప్రశ్నని కూడా కలపమన్నాను. నిజాయితీ ఉండాలి.

ఆగస్టు 3, గురువారం

క్లాసులో గుసగుసలు. ఎవరా పిల్ల అని వెతుకులాట మొదలైందట. లాయరు ఒక జట్టుని వేసింది. ఎవరు మెట్ల మీద ఆగుతున్నారు, ఎవరు అన్నం వదిలేస్తున్నారు, ఎవరి జేబులో సుద్ద ఉంది అని చూస్తున్నారట. దీనికి పుట్టుకతోనే ఈ బుద్ధి.

ఒకందుకు సంతోషమే. తోటిపిల్ల కోసం ఇంత తాపత్రయపడటం నేర్పింది నా క్లాసే కదా.

ఆగస్టు 4, శుక్రవారం

కుర్చీలోంచి లేవగానే వెనక్కి తిరిగి చూసుకోవడం అలవాటైపోయింది. ముదురు రంగులే కట్టుకుంటున్నాను. హుందాగా ఉంటాయి.

ఆగస్టు 8, మంగళవారం

ఏం రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం ల్యాబులో ఉండగా లాయరు, దాని జట్టు, మధ్యలో పుల్లని పట్టుకుని వచ్చారు. పుల్ల అంటే మూడో బెంచీ చివర కూర్చునే పిల్ల. గాలొస్తే పడిపోయేలా ఉంటుంది గానీ, ఎనిమిది వందల మీటర్ల పరుగులో ఈ బడిలో మగపిల్లలు కూడా దాని వీపే చూస్తారు. తల్లి లేదు. తండ్రి దూరపు రూట్ల బస్సు డ్రైవరు, వారానికి రెండు రోజులుంటే ఎక్కువ.

"దొరికింది మేడం," అంది లాయరు.

"ఎవరు?"

"చీటీ అమ్మాయి. ఎంత అడిగినా ఒప్పుకోవట్లేదు. చూడండి, జేబులో సుద్దముక్కలు."

"గీతలు గియ్యడానికి మేడం," అంది పుల్ల. "గ్రౌండులో నా లైను చెరిగిపోతుంటుంది."

"నాలుగు రోజుల నుంచి దీన్ని కిటికీ పక్కన కూర్చోబెడుతున్నాం. మా గుడ్లు కూడా దీనికే పెడుతున్నాం. నీళ్ల దగ్గరికి కూడా ఒక్కదాన్నే వెళ్ళనివ్వట్లేదు. అయినా నేను కాదు నేను కాదు అంటోంది. సిగ్గు మేడం దీనికి," అంది లాయరు. కళ్ళలో నీళ్లున్నాయి. ఆ పిల్లది ప్రేమే. పట్టుకున్న తీరు మాత్రం దొంగని పట్టుకున్నట్టుంది.

అందర్నీ పంపేసి తలుపు వేశాను. పుల్ల అస్థిపంజరం వైపు చూస్తూ నిలబడింది.

"నేను రాయలేదు మేడం."

నాకు తెలుసు అనలేదు నేను. అనాల్సింది.

"నాకు అసలు... ఇంకా రాలేదు."

"మరి అందరితో?"

"ఏడో క్లాసులోనే వచ్చిందని చెప్పేశా. అప్పటికి అందరికీ వచ్చింది కదా. అల్మారాలోంచి ఒకటి తీసుకుని బ్యాగులో పెట్టుకుంటా, జిప్పు తెరిస్తే కనబడేట్టు. ఇప్పుడు కాదంటే, అదీ అబద్ధమే, ఇదీ అబద్ధమే అంటారు." మళ్ళీ తనే, "పెట్టెలో వేశా మేడం, ఒకసారి. మీరు చదవలేదు," అంది.

జీవశాస్త్రం పుస్తకం బల్ల మీదే ఉంది. దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

పద్నాలుగేళ్లకి రాకపోవడం మామూలేనని, సన్నగా ఉండి బాగా పరిగెత్తే పిల్లలకి కొంచెం ఆలస్యం కావొచ్చని, పదిహేను దాటినా రాకపోతే అప్పుడు డాక్టరుకి చూపించాలని చెప్పాను. శ్రద్ధగా వింది. "అంతేనా?" అంది. అంతే. రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాల జవాబుని పందొమ్మిది రోజులు పుస్తకంలో దాచాను, నా చీటీలకి అడ్డమని.

ఆగస్టు 10, గురువారం

మొదటి పనిగా పెన్సిలు చీటీ చదివాను. జవాబు చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

క్లాసు అయ్యాక లాయరు ఆగింది. అందరూ వెళ్ళేదాకా పుస్తకాలు సర్దినవే మళ్ళీ సర్దింది. తర్వాత గొంతు తగ్గించి, "మేడం, ఆ చీటీ నేను రాయలేదు. కానీ నాక్కూడా ఇంకా రాలేదు," అంది. "ఎవరితో అనకండి. లీడర్ని కదా."

ఎవరితోనూ అననన్నాను. ఈ క్లాసులో ఎంతమంది బ్యాగుల్లో కనబడేట్టు ఒక ప్యాడు ఉందో!

ఆగస్టు 11, శుక్రవారం

ఆటల టీచరు పుల్లని జట్టులోంచి తీసేసింది. ఇరవై ఆరున పోటీలు. "రక్తం లేని పిల్లని పరిగెత్తిస్తే, రేపు అది పడిపోతే నా మెడకి చుట్టుకుంటుంది," అందట. హెడ్‌మేడం దగ్గరికి వెళ్ళాను. పుల్లకి ఏమీ లేదన్నాను.

"ఆ పిల్ల ఏమీ లేదనే అంటుంది. మీరే చెప్పారుగా, సిగ్గుపడి దాచుకుంటారని. చీటీ రాసిన పిల్ల ఎవరో తేలి, డాక్టరు కాగితం వచ్చేదాకా రిస్కు తీసుకోలేను," అన్నారు.

తండ్రి ఇరవై ఎనిమిది దాకా రాడు. డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తానంటే పుల్ల ఒప్పుకోలేదు. వాళ్ళు మొదట అడిగేది ఎప్పుడు వచ్చింది అనేగా, కాగితం మీద రాస్తారుగా, ఆ కాగితం అందరూ చూస్తారుగా అంది. సాయంత్రం గ్రౌండులో గోడ మీద కూర్చుని, మిగతావాళ్ళు పరిగెత్తడం చూస్తోంది. ఇద్దరు పిల్లలు అటూ ఇటూ కాపలా.

గురువారం చెప్పేస్తాను.

ఆగస్టు 14, సోమవారం

చెప్పేస్తే పెట్టె ఏమవుతుంది? అల్మారా ఏమవుతుంది? నా పరువు సంగతి కాదు. నా పరువుదేముంది. పిల్లల కోసమే ఆలోచిస్తున్నాను.

పైనుంచి ఉత్తరం వచ్చింది. స్వచ్ఛందంగా ఎక్కువ ప్రశ్నలు అడిగిన బడి మాదే. ఇలాంటి పెట్టెలు మరో నలభై బళ్ళలో పెడతారట. పెట్టె ఎత్తు, వెడల్పు రాసి పంపమన్నారు. హెడ్‌మేడం స్వీట్లు పంచారు. లెక్కల మాస్టారు రెండు తిన్నారు.

ఆగస్టు 15, మంగళవారం

ఇరవై రెండో రోజు.

ఆగస్టు 17, గురువారం

చెప్పేశాను.

క్లాసుకి హెడ్‌మేడం కూడా వచ్చి కూర్చున్నారు. సుద్ద పట్టుకుని నిలబడి, "పోయిన నెల చదివిన ఆ చీటీ, సుద్దముక్కల చీటీ, పుల్ల రాయలేదు. నేను రాశాను. అది నా గురించే," అన్నాను. అంటుంటే నాకే వింతగా వినబడింది, ఇంకెవరి గొంతో అన్నట్టు.

తిట్టించుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. లాయరు లేచింది. చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. క్లాసంతా లేచి కొట్టింది.

"పుల్ల కోసం మేడం తన మీద వేసుకున్నారు," అంది లాయరు, ఏడుస్తూ. "మేడం, మీరు దేవత."

"కాదమ్మా, నిజంగా నేనే..."

"తెలుసు మేడం, తెలుసు." మళ్ళీ చప్పట్లు.

హెడ్‌మేడం కళ్ళు తుడుచుకున్నారు. బయటికి వస్తూ నా చెయ్యి పట్టుకుని, "టీచరంటే ఇలా ఉండాలమ్మా. కానీ ఆ పిల్లని మాత్రం పరిగెత్తించను," అన్నారు.

ఇరవై రెండేళ్లలో పిల్లలకి మొదటిసారి నా గురించి ఒక నిజం చెప్పాను. నెల రోజుల అబద్ధాలని మారుమాట లేకుండా నమ్మినవాళ్ళు దీన్ని నమ్మలేదు.

ఆగస్టు 18, శుక్రవారం

పుల్ల ల్యాబుకి వచ్చింది. ఒంటరిగా. కాపలాని ఎలా తప్పించుకుందో.

"మీరే రాశారని నాకు తెలుసు మేడం."

"నువ్వొక్కదానివే నమ్మావన్నమాట."

"నేను రాయలేదని నాకు తెలుసు కదా." తర్వాత, పాఠం అప్పజెప్పినట్టు, "పన్నెండు రోజులు, గడ్డలు, కళ్ళు తిరగడం, సుద్ద. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. వయసు మీదో ఎండ మీదో తోసేసి కూర్చోవడం తెలివితక్కువతనం. మీరే చెప్పారు. వెళ్ళారా?"

"పని ఉండి..."

"ఇరవై రెండు రోజులైంది మేడం."

లెక్కపెట్టింది. ఈ బడిలో అందరూ లెక్కపెట్టేవాళ్ళే.

"మీరు వెళ్తే కాగితం ఇస్తారు. అది చూపిస్తే హెడ్‌మేడం నమ్ముతారు. నేను పరిగెత్తొచ్చు," అంది. దాని లెక్క దానిది. నాకు మాత్రం పెద్ద బరువు దిగినట్టైంది. నా కోసమైతే వెళ్ళక్కర్లేదు, బాగానే ఉన్నాను. ఈ పిల్ల పరుగు కోసం వెళ్ళాలి. అలాగైతే వెళ్ళొచ్చు.

ఆగస్టు 19, శనివారం

గురువారం మధ్యాహ్నం డాక్టరు దగ్గర టైం దొరికింది. షాపుకి వెళ్ళి మావారికి చెప్పబోయాను. "ఒక మాట. నాకు రెండు నెలలుగా..." అన్నాను. ఆయన కౌంటరు దగ్గరున్న ముసలాయన వైపు చూసి, "ఇక్కడ వద్దు, ఇంటికెళ్ళాక," అన్నారు. ఇంటికెళ్ళాక చెప్పాను. అన్నం కలుపుతున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. "రోజూ వంద మందికి మందులిస్తాను, నాకెందుకు చెప్పలేదే?" అన్నారు. కోపంగా కాదు. నల్ల కవరు గుర్తొచ్చింది గానీ, ఆ మొహం చూసి ఇంకాస్త కూర వడ్డించాను.

ఆగస్టు 21, సోమవారం

గురువారం గంట ఎవరు తీసుకుంటారని స్టాఫ్ రూములో అడిగాను. లెక్కల మాస్టారు నేను నోరు మూసేలోగా చెయ్యెత్తారు.

తర్వాత వసారాలో ఆపి, మొహం గోడ వైపు తిప్పుకుని, "మా ఆవిడకీ ఇలాగే ఉండేది. మేం ఆలస్యం చేశాం. మీరు చెయ్యకండి," అన్నారు. గబగబా మెట్లు దిగిపోయారు. సుద్దముక్కలు ఎవరు తింటున్నారో ఆయనకి ఎప్పటి నుంచి తెలుసో మరి.

ఆగస్టు 25, శుక్రవారం

ముందు మంచి మాట. కాగితం హెడ్‌మేడం చేతిలో పెట్టాను. రక్తం ఆరున్నర ఉంది, ఉండాల్సినదాంట్లో సగం. గర్భసంచిలో కంతులు మూడు. హెడ్‌మేడం చదివి, నన్ను చూసి, మళ్ళీ చదివి, కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టారు.

"అయితే నిజంగా మీరేనా? మరి మిగతా ప్రశ్నలు?"

"ఒకటి పుల్ల... ఒకటి ఎవరో పిల్ల రాసింది. చెప్పుల గురించి అడిగింది కూడా పిల్లలే. మిగతావి నేను."

ఆవిడ కాగితం మడిచి బల్ల మీద పెట్టారు. తర్వాత లేచి తలుపు వేసి వచ్చి, "నలభై పెట్టెలకి ఆర్డరు వెళ్ళిపోయిందమ్మా. ఈ మాట మన మధ్యే ఉండనీ," అన్నారు. గంట ఉంటుంది. అల్మారా ఉంటుంది. నా గురించి మాత్రం క్లాసులో ఆవిడే స్వయంగా చెప్పారు, కాగితం చూపించి. చప్పట్లు లేవు ఈసారి. లాయరు పుల్ల దగ్గరికి వెళ్ళి, "ఆ గుడ్లు వెనక్కివ్వక్కర్లేదులే," అని తల వంచుకుంది. పుల్ల రేపు పరిగెడుతుంది.

నేను రేపు ఆసుపత్రిలో చేరాలి. రక్తం ఎక్కించి, ఆ తర్వాత ఆపరేషను. ఇంకో నెల ఆగి ఉంటే మెట్ల మీదే పోయేదాన్నట. భయంగా ఉంది. రాసేసరికి కొంచెం తగ్గింది.

ఇక నిన్నటి సంగతి. ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ మాత్రం రాస్తాను.

వారం రోజులు అద్దం ముందు సాధన చేశాను, ఏ రోజు నుంచి, ఎన్ని రోజులు, ఎన్ని ప్యాడ్లు, అన్నీ వరుసగా. మావారు బయట బెంచీ మీద కూర్చున్నారు. డాక్టరమ్మ నాకన్నా పదేళ్లు చిన్నది. కళ్ళద్దాలు పైకి తోసుకుని, "చెప్పండమ్మా, ఏంటి సమస్య?" అంది.

నోరు తెరిచాను. "మా క్లాసులో ఒకమ్మాయికి," అన్నాను, "పన్నెండు రోజులైనా ఆగడం లేదండీ. గడ్డలు పోతున్నాయి. కళ్ళు తిరుగుతున్నాయి. సుద్దముక్కలు తింటోంది." ఒక్క అక్షరం తడబడకుండా చెప్పాను.

ఆవిడ అంతా రాసుకుంది. నా చెయ్యి అందుకుని గోళ్లు చూసింది. కింది రెప్ప లాగి చూసింది. కలం మూత పెట్టి, ఎక్కడా నవ్వకుండా అంది:

"ఆ అమ్మాయిని ఆ బల్ల ఎక్కి పడుకోమనండి."

ఎక్కి పడుకున్నాను.